గొంతు తగ్గితే, అడుగు తగ్గితే



1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఇవాళ పార్కిన్సన్స్ అని పిలిచే వణుకుడు జబ్బు మీద రాసిన వ్యాసం అది. అందులో ఆయన వర్ణించింది ఆరుగురు రోగులను మాత్రమే. వాళ్లలో ముగ్గురు ఆయన దగ్గరకు వైద్యానికి వచ్చినవాళ్లు కూడా కారు, వీధిలో కనబడినవాళ్లు. ఒకరినైతే దూరం నుంచి చూశాడంతే. అప్పటికి స్కానింగ్ లేదు, నరాల పరీక్షలు లేవు. మనిషి ఎట్లా నిలబడుతున్నాడు, ఎట్లా అడుగు వేస్తున్నాడు, మాట ఎట్లా వస్తోంది అని చూసి రాశాడు. 200 ఏళ్లు దాటినా ఈ జబ్బును పట్టుకోవడంలో ఇప్పటికీ చూసే కన్నుకు, వినే చెవికే పెద్దపీట. ఆ కన్ను న్యూరాలజిస్టుదే కానక్కర్లేదు, ఇంటివాళ్లదో ఊరివాళ్లదో కావచ్చు.

మోకిల సంగతే చూద్దాం. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో, గండిపేట దాటి శంకర్‌పల్లి పోయే రోడ్డు మీద ఉన్న ఊరిది. ఒకప్పుడు పొలాలూ తోటలూ. ఇప్పుడు రోడ్డు పొడవునా విల్లాలు లేచాయి, అంతర్జాతీయ పాఠశాల వచ్చింది, 2023లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఇక్కడి ప్లాట్లను వేలం వేస్తే రాష్ట్రమంతా ఈ ఊరి పేరు విన్నది. కాబట్టి మోకిలలో ఇవాళ పెద్దవాళ్లు రెండు రకాలు. పుట్టినప్పటి నుంచి ఈ మట్టిలోనే తిరిగినవాళ్లు కొందరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గర ఉందామని వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు మరికొందరు. పాత ఊళ్లో మనిషి ముఖం కనబడకముందే నడకను బట్టి ఫలానా వాళ్ల పెద్దాయన వస్తున్నాడని చెప్పేస్తారు. కొత్త కాలనీలో పొరుగింటాయన నడక ఎట్లా ఉంటుందో, ఆరు నెలల కింద ఎట్లా ఉండేదో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఆ పాత ఊళ్లో అరవై దాటిన ఒక రైతును ఊహించుకుందాం. ఆయనకు చేతులేమీ వణకడం లేదు. పార్కిన్సన్స్ అనగానే అందరికీ వణుకే గుర్తుకొస్తుంది గానీ, మొదట్లో వణుకే లేనివాళ్లు పదిమందిలో ముగ్గురి దాకా ఉంటారు. ఈయనకు కుడి భుజం పట్టేసినట్టుంది. నూనె రాశాడు, కాపడం పెట్టాడు, ఎముకల డాక్టరుకు చూపించుకున్నాడు. పొలం నుంచి వస్తుంటే ఎడమ చెయ్యి ఊగుతుంది, కుడి చెయ్యి ఊగదు. కుడి చెప్పు నేలకు రాసుకుంటున్న చప్పుడు వస్తుంది, దాని మడమ ముందుగా అరిగిపోతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇదివరకటి కంటే ఎక్కువసేపు పడుతోంది. బ్యాంకులో సంతకం చిన్నదై పాత సంతకంతో కలవడం లేదు. అడిగితే వయసు మీద పడింది కదా అంటాడు. ఇవన్నీ డాక్టర్లు ఈ జబ్బులో తరచుగా చూసే తొలి ఆనవాళ్లే. ముఖ్యంగా ఇవి ఒంటికి ఒక పక్కనే మొదలవుతాయి. వయసు వల్ల వచ్చే నెమ్మదితనం అయితే రెండు పక్కలా ఒకేలా వస్తుంది.

ఇక గొంతు. ఇంట్లో జరిగే మాటలు ఇట్లా ఉంటాయి. "ఏమయ్యా, జర గట్టిగ చెప్పు, ఇనొస్తలేదు" అంటుంది భార్య. "మంచిగనే చెప్తున్న కదనే, నీకే చెవుడొచ్చింది" అంటాడు ఆయన. ఇది ఆలుమగల మధ్య సరదా తగవు కాదు, జబ్బులో భాగం. పార్కిన్సన్స్ ఉన్న మనిషి గొంతు తగ్గుతుంది, కానీ తగ్గినట్టు ఆ మనిషికి తెలియదు. తన చెవికి తన మాట మామూలుగానే వినబడుతుంది. పైగా, ఎదుటివాళ్లకు సరిపోయేంత గట్టిగా మాట్లాడించి చూస్తే, తాను అరుస్తున్నానేమోనని ఇబ్బంది పడతాడు. కొలిచే మీటరు మెదడులోనే తప్పు చూపిస్తోందన్నమాట. అందుకే భార్యను చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, అక్కడ అంతా బాగుందని తేలాక గానీ అసలు సంగతి బయటపడని కుటుంబాలున్నాయి.

ఈ జబ్బు ఉన్న పదిమందిలో ఏడుగురి నుంచి తొమ్మిదిమందికి ఏదో ఒక దశలో మాటలో మార్పు వస్తుంది. గొంతు పలచబడుతుంది, కొంచెం బొంగురు పోతుంది. హెచ్చుతగ్గులు పోయి మాట ఒకే స్వరంలో సాగుతుంది. కొందరిలో నాలుగు మాటలు ఒక్కసారిగా తోసుకొస్తాయి. వాక్యం మొదలైనప్పుడున్న బలం చివరికి వచ్చేసరికి ఉండదు. తెలుగు మాట్లాడేవాళ్లకు ఈ చివరిది మరీ కష్టం, ఎందుకంటే మన వాక్యంలో అసలు సంగతి చివరనే ఉంటుంది. "రేపు పొద్దుగాల మార్కెట్‌కు" దాకా వినబడి, ఆ తర్వాత "పోత" అన్నాడో "పోను" అన్నాడో వినబడకపోతే కొడుకు ఏమనుకోవాలి? తిన్నావు, తిన్నావా అన్న రెండింటికీ తేడా చివరి అక్షరంలోనే ఉంది. ఫోన్‌లో ఇది ఇంకా ఇబ్బంది. మెల్లగా ఆ మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తాడు, రచ్చబండ దగ్గర వినేవాడిగా మిగిలిపోతాడు. ముఖంలో కదలిక కూడా తగ్గుతుంది కాబట్టి, ఆయనకు కోపమొచ్చిందని కొందరు, మనసు బాగాలేదని కొందరు అనుకుంటారు.

మాట ముందుగా మారిందనడానికి ప్రపంచమంతా ఎరిగిన సాక్ష్యం ముహమ్మద్ అలీ. బాక్సింగ్ బరిలో దెబ్బలకంటే ముందు మాటలతోనే ఎదుటివాణ్ని కొట్టిన మనిషి.  ఆయనకు పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని డాక్టర్లు చెప్పింది 1984లో, 42 ఏళ్ల వయసులో. తర్వాత అమెరికాలోని ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆయన పాత టీవీ ఇంటర్వ్యూలు ముందేసుకుని, సెకనుకు ఎన్ని అక్షరాలు పలికాడో లెక్కగట్టారు. 26 ఏళ్ల వయసుకూ 39 ఏళ్ల వయసుకూ మధ్య ఆయన మాట వేగం సుమారు నాలుగో వంతు పడిపోయింది. అంటే జబ్బు పేరు బయటకు రావడానికి కొన్నేళ్ల ముందే అది ఆయన మాటలో వినబడుతోంది.

నడకకూ మాటకూ సంబంధం ఏమిటి? రెండూ మనం ఆలోచించకుండా చేసే పనులు. మెదడు లోతున బేసల్ గాంగ్లియా అనే కణుపులు ఇట్లాంటి అలవాటు పడిన కదలికలను నడిపిస్తాయి. వాటికి డోపమిన్ అనే రసాయనం అందాలి. దాన్ని తయారుచేసే కణాలు మధ్య మెదడులో నల్లగా కనిపించే చిన్న ప్రాంతంలో ఉంటాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చచ్చిపోతుంటాయి. లక్షణాలు బయటపడేనాటికి వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి. తోవ తెలిసిన ఎద్దు బండిని దానంతటదే ఇంటికి చేరుస్తుంది, బండివాడు కునుకు తీసినా ఫరవాలేదు. ఈ జబ్బులో ఎద్దు తోవ మరిచిపోతుంది. బండివాడు మేలుకొని, పగ్గం పట్టుకొని ప్రతి మలుపూ తానే తిప్పాలి. తిప్పితే బండి నడుస్తుంది. ఆ నడిపించగలగడం మీదే మాటకు, నడకకు ఇచ్చే శిక్షణంతా ఆధారపడి ఉంది.

మోకిలకు దగ్గర్లోనే, మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్తే ఈ సంగతి కళ్లారా అర్థమవుతుంది. అక్కడ కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా భక్తులు చేతిలో అంకెల కార్డు పట్టుకుని ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేస్తూ నడుస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది ఏమంత పని కాదు. తొలిదశ పార్కిన్సన్స్ ఉన్న మనిషికి మాత్రం ఒకేసారి మూడు పరీక్షలు. లెక్క పెట్టుకుంటూ నడవాలి, అంటే మనసు రెండుగా చీలాలి. అంకె మీద ధ్యాస పెడితే అడుగు చిన్నదైపోతుంది. నాలుగు మూలలా తిరగాలి. మామూలు మనిషి మూల తిరిగేటప్పుడు తల, భుజాలు, నడుము, కాళ్లు ఒకదాని వెంట ఒకటి తిరుగుతాయి. ఈ మనిషి దిమ్మలాగా అంతా ఒక్కసారే తిరుగుతాడు, చిన్నచిన్న అడుగులతో. ముందూ వెనకా జనం ఉంటారు. ఇరుకు కనబడగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం ఈ జబ్బులో బాగా తెలిసిన లక్షణం. అది ఎక్కువగా తర్వాతి దశల్లో వచ్చినా, కొందరిలో ముందే తొంగిచూస్తుంది. మొక్కు మానుకోనక్కర్లేదు. జనం పలచగా ఉన్న పూట వెళ్లి, కార్డు మనవడి చేతికిచ్చి, పెద్దాయన నడక మీదే ధ్యాస పెడితే ఆ పదకొండు చుట్లూ చాలావరకు సాఫీగా సాగుతాయి.

అయితే అడుగు తగ్గిన ప్రతి మనిషికీ పార్కిన్సన్స్ ఉన్నట్టు కాదు. ఊళ్లలో ముందుగా వెతకాల్సింది మందుల సంచిలో. కడుపుబ్బరానికి, గ్యాసుకు రాసే కొన్ని గోలీల్లో లెవోసల్పిరైడ్ ఉంటుంది. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తారు. కళ్లు తిరుగుతున్నాయంటే సిన్నరిజిన్, తలనొప్పికి ఫ్లూనరిజిన్ ఇస్తారు. ఇవి డోపమిన్ పనిచేసే చోటును అడ్డగిస్తాయి. ఒకసారి రాసిచ్చిన చీటీనే మెడికల్ షాపులో చూపిస్తూ నెలల తరబడి వాడిన పెద్దవాళ్లకు అచ్చం పార్కిన్సన్స్ లాంటి నడక, గొంతు రావచ్చు. డాక్టరు సలహాతో వాటిని ఆపితే చాలామందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. మెదడులో చిన్నచిన్న రక్తనాళాలు మూసుకుపోయినా, మెదడులో నీరు చేరినా, బి12 తక్కువైనా నడక దెబ్బతింటుంది. జబ్బు మొదలైన తొలి ఏడాదిలోనే మాటిమాటికీ పడిపోతుంటే, అది మామూలు పార్కిన్సన్స్ కాకుండా దాని పోలికలున్న మరో జబ్బు కావచ్చు. ఆ సంగతి న్యూరాలజిస్టుకు తప్పక చెప్పాలి.

చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ ప్రాంతం హైదరాబాద్‌కు కూరగాయలూ పూలూ పంపే ప్రాంతం. మందు కొట్టని రైతు అరుదు. అందుకని పురుగుమందుల ప్రస్తావన ఇక్కడ తప్పదు. 2011లో అమెరికాలో రైతుల మీదా, పురుగుమందులు చల్లేవాళ్ల మీదా వెలువడిన ఒక అధ్యయనంలో, కలుపుమందు పారాక్వాట్ గానీ, రోటెనోన్ గానీ వాడినవాళ్లలో పార్కిన్సన్స్ సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. దీన్నిబట్టి ఫలానా రైతుకు ఫలానా మందు వల్లే జబ్బు వచ్చిందని తేల్చలేం. వయసు, వంశంలోని జన్యువులు, చుట్టూ ఉన్న పరిస్థితులు కలిసి తెచ్చే జబ్బు ఇది. మందు కొట్టేటప్పుడు చేతితొడుగులు, ముఖానికి అడ్డు, ఒంటినిండా బట్ట ఉండాలనడానికి మాత్రం ఆ లెక్క చాలు.

వైద్యం విషయానికొస్తే, ఈ ప్రాంతానికి ఆసుపత్రులు మరీ దూరమేమీ కాదు. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో భాస్కర్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. చేవెళ్లలోనూ వైద్య కళాశాల ఉంది. నగరంలో పంజాగుట్టలోని నిమ్స్, ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, పార్కిన్సన్స్ వైద్యానికి పేరున్న చోటు. అక్కడ న్యూరాలజీలో పనిచేసిన డాక్టర్ రూపం బోర్గొహైన్ మొదటి రచయితగా 2014లో సాఫినమైడ్ అనే మందు మీద ఒక పెద్ద పరిశోధన ఫలితం వెలువడింది. భారత్, ఇటలీ, రుమేనియా దేశాల నుంచి 669 మంది రోగులు అందులో పాల్గొన్నారు. మరుసటి ఏడాది ఐరోపాలో, 2017లో అమెరికాలో ఆ మందుకు అనుమతి దొరికింది. ఈ జబ్బుకు వాడే లెవోడోపా అనే గోలీ ప్రభావం మధ్యమధ్యలో దిగిపోయేవాళ్లకు దాన్ని తోడుగా ఇస్తారు.

అసలు మందు మాత్రం ఇప్పటికీ లెవోడోపానే. దాని కథలో మన దక్షిణాది పేజీ ఒకటుంది. మన చేలగట్ల మీద తీగలా పాకి, తగిలితే దురద పుట్టించే దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. అది పార్కిన్సన్స్‌కు పనికొస్తుందని వియన్నాలో తేలింది 1961లో. రోజూ మింగే మోతాదుల్లో నిలకడైన మేలు చూపించింది 1967లో అమెరికాలో డాక్టర్ కొట్జియాస్. అట్లాగని దూలగొండి పొడి సొంతంగా కలుపుకొని తాగడం మంచిది కాదు. ఒక చెంచాలో ఎంత లెవోడోపా ఉందో ఎవరికీ తెలియదు, గోలీలతో కలిస్తే మోతాదు మించిపోతుంది. ఇంకో మాట. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ పేగుల్లో ఈ మందుతో పోటీపడి దాన్ని అడ్డుకుంటుంది. అందుకని గోలీని తిండికి అరగంట ముందు వేసుకోమని చెబుతారు.

గోలీ మొదలుపెట్టాక చాలామందిలో చెయ్యి, కాలు, నడక బాగానే తేరుకుంటాయి. గొంతు అంతగా తేరుకోదు. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ చేయించుకున్నాక వణుకు తగ్గి, మాట మరింత అస్పష్టమైనవాళ్లూ ఉన్నారు. కాబట్టి మాటకు వేరే సాధన కావాలి. 1987లో అమెరికాలో లొరెయిన్ రామిగ్ బృందం, లీ సిల్వర్‌మన్ అనే రోగి పేరుమీద ఒక పద్ధతిని రూపొందించింది. వారానికి నాలుగు రోజులు, నాలుగు వారాలు, రోజుకు గంట. మొత్తం 16 పాఠాలు. సూత్రం ఒక్కటే: గట్టిగా. నాలుకను ఇట్లా తిప్పాలి, పెదవులను అట్లా మూయాలి అని పది సూచనలివ్వరు. ఊపిరి నిండా పీల్చి "ఆ" అని ఎంతసేపు నిలపగలిగితే అంతసేపు, గొంతు నలగకుండా, గట్టిగా పలికిస్తారు. తర్వాత రోజూ వాడే పది వాక్యాలు అదే గొంతుతో. మోకిల రైతుకైతే "శంకర్‌పల్లికి ఒక టికెట్", "కిలో ఎంత", "జర ఆగు బిడ్డా" లాంటివి. పద్ధతి తెలిసిన స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో కొనసాగించాలి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వాక్కు, వినికిడి సమస్యల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ అది. మింగేటప్పుడు పొలమారుతుంటే ఆ సంగతి కూడా థెరపిస్టుకు చెప్పాలి, మాటకు వాడే కండరాలే మింగడానికీ వాడతాం.

నడకకు సూత్రం పెద్ద అడుగు. ముందు మడమ ఆనించాలి, చెయ్యి కావాలని ఊపాలి. బ్రిటన్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే చూపించాడు: నేల మీద అడ్డగీతలు గీస్తే, చిన్నచిన్న అడుగులు వేసే మనిషి వాటిని దాటుతూ పెద్ద అడుగులు వేస్తాడు. మన ఇళ్లలో ఇది సులువు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా, వాకిట్లో, ఒక మామూలు అడుగు ఎడంలో ముగ్గుపిండితోనో రంగు టేపుతోనో గీతలు పెట్టుకోవచ్చు. తాళం కూడా పనిచేస్తుంది. 1996లో అచ్చయిన ఒక పరిశోధనలో మూడు వారాలు ఇంట్లోనే తాళానికి తగ్గట్టు నడిచిన రోగుల నడక వేగం సుమారు 25 శాతం పెరిగింది. భజన చిడతలైనా, ఫోన్‌లో మెట్రోనోమ్ అయినా చాలు. కాళ్లు అతుక్కుపోయినప్పుడు పక్కవాళ్లు చెయ్యి పట్టి లాగకూడదు. ఆగి, ఊపిరి తీసుకుని, బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చి, ఎదురుగా ఒక గీతనో పలకనో చూసుకుని దాన్ని దాటాలి.

2010లో నెదర్లాండ్స్ వైద్యుడు బాస్ బ్లూమ్ ఒక వింత రాశాడు. 58 ఏళ్ల రోగి నాలుగడుగులు వేస్తే కాళ్లు ఆగిపోయి పడిపోతాడు. అదే మనిషిని సైకిల్ ఎక్కిస్తే చక్కగా తొక్కుకుంటూ పోతాడు. 2019లో అదే దేశంలో 130 మంది తొలిదశ రోగుల మీద చేసిన పరిశోధనలో, ఆరు నెలలు ఇంట్లో కదలని సైకిల్ తొక్కినవాళ్ల కదలికలు, ఒళ్లు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్లకంటే మెరుగ్గా నిలిచాయి. మోకిల రోడ్డు మీద ఇప్పుడు తిరుగుతున్న టిప్పర్లను చూస్తే ఇక్కడా ఇంట్లో నిలబెట్టిన సైకిలే మేలు.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఇంటివాళ్లు చేసుకోవలసిన పనులు మూడున్నాయి. ఒకటి, వాడుతున్న గోలీల అట్టలన్నీ, గ్యాసు గోలీలతో సహా, ఒక సంచిలో వేసుకోవాలి. రెండు, ఆయన ఇరవై అడుగులు నడిచి వెనక్కి తిరిగి రావడం ఫోన్‌లో వీడియో తీయాలి. చెప్పి తీస్తే సరిగ్గా నడుస్తాడు కాబట్టి, చెప్పకుండా తీసినది ఇంకొకటి ఉంటే మంచిది, తర్వాత ఆయనకు చూపించి ఒప్పుకుంటేనే డాక్టరుకు చూపాలి. మూడు, ఒక నిమిషం మాట రికార్డు చేయాలి. రెండేళ్ల కింద పెళ్లిలోనో పండుగలోనో మాట్లాడిన పాత వీడియో దొరికితే దాన్నీ పక్కన పెట్టుకోవాలి. ఇదివరకే గోలీ మొదలైతే, ఏ పూట ఎన్ని గంటలకు వేసుకున్నారో, ఎంతసేపటికి పట్టు దొరికిందో, ఎప్పుడు దిగిపోయిందో ఒక వారం కాగితం మీద రాసి తీసుకెళ్లాలి. ఓపీలో డాక్టరు చూసేది కొద్ది నిమిషాలే, ఆ కాసేపు రోగి నడక చాలాసార్లు ఇంట్లో కంటే బాగుంటుంది.